కట్టుడు పళ్ళ తాబేలు

ఊళ్ళో సగం మంది నోళ్ళు ఆమెకు తెలుసు. ఎవరి దవడ ఇరుకో, ఎవరు ఒకవైపే నములుతారో, ఎవరు నిద్రలో పళ్ళు కొరుకుతారో, ప్లాస్టర్ అచ్చును చేతిలోకి తీసుకుని ఒకసారి తిప్పి చూస్తే చాలు, చెప్పేస్తుంది. చెప్పేస్తుందంటే నోటితో అనుకునేరు. నోటితో చెప్పడమే ఆమెకు రాని విద్య. ఆ అచ్చు తాలూకు మనిషి వీధిలో ఎదురొస్తే రోడ్డు దాటి అవతలి పక్కకు పోతుంది.

పళ్ళ ఆసుపత్రిలో వెనకగది ఆమెది. కిటికీ పక్కన బల్ల, బల్లమీద మైనం కరిగించే చిన్న దీపం, అంచులు అరగదీసే మర, రంగుల వారీగా పేర్చిన పళ్ళ పలకలు. కట్టుడు పళ్ళు చేయడం ఆమె పని. మైనంలో ఒక్కొక్క పన్నూ నిలబెడుతున్నప్పుడు ఆమె ముఖం చూడాలి! ముప్ఫై అయిదు దాటిన మనిషి బొమ్మలు ఆడుకునే పిల్లయిపోతుంది. కానీ ఆ ముఖాన్ని ఎవరూ చూడలేదు. మరదగ్గర దుమ్ము లేస్తుంది కాబట్టి మాస్కు పెట్టుకోవాలి, నిజమే. మరి బజార్లోనూ, బస్సులోనూ, మేనత్త ఇంట్లోనూ ఏం దుమ్ము లేచిందని పెట్టుకునేది?

ఇంటికి చుట్టాలొస్తే తల లోపలికి లాక్కుని మంచం కిందికి దూరేదని చిన్నప్పుడు అన్నయ్య పెట్టిన పేరు తాబేలు. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారింది కానీ ఈ పేరు మారలేదు. మొగుడు కూడా ముద్దుగా అలాగే పిలుస్తాడు. ఆయన సిటీ బస్సులో కండక్టరు. ఇద్దరికి పంచాల్సిన మాటల్ని దేవుడు పొరపాటున ఒక్కడికే ఇచ్చేశాడు. పొద్దున్నుంచీ "ముందుకు జరగండి, లోపల బోలెడంత ఖాళీ" అని అరిచి ఇంటికొచ్చి కూడా అలిసిపోడు. కొట్లో బేరం ఆయనదే, ఫోనెత్తడం ఆయనే, ఇంటి ఓనరుతో కుళాయి గొడవ ఆయనదే. ఆఖరికి కళ్ళ డాక్టరు "ఏ అక్షరం కనిపిస్తోందమ్మా?" అని ఆమెనడిగితే, ఈయన పక్కనుంచి చదివేశాడు. అద్దాలు రాకుండా తిరిగొచ్చారు.

చూసేవాళ్ళు దీన్ని సిగ్గు అంటారు. అనేవాళ్ళకేం, నోటికి తాళం లేదు కదా. సిగ్గయితే కాసేపుండి పోతుంది. ఇది పోదు. ఎవరైనా పలకరిస్తారేమో అనుకుంటేనే నాలుక పిడచకట్టుకుపోతుంది, చెవులదాకా వేడెక్కుతుంది, ఇప్పుడు నా ముఖం కందగడ్డలా ఉండుంటుంది అనుకుంటుంది. ఆ ఆలోచనలో పడి అవతలివాళ్ళు అన్నది వినపడదు. వినపడలేదు కాబట్టి తలాడిస్తుంది. ఆ తలాడింపు తప్పో ఒప్పో అని ఇంటికెళ్ళి వంటింట్లో నిలబడి సాయంత్రమంతా నమిలినదే నములుతుంది. ఒకసారి ఎవరో "మీ అత్తగారు పోయారటగా" అంటే నవ్వి తలాడించింది. అత్తగారు నిక్షేపంలా ఉంది. ఆ కబురు సర్దడానికి మొగుడు వీధంతా తిరగాల్సొచ్చింది.

ఇలాగే గడిచిపోయేదే. డాక్టరమ్మ గడవనివ్వలేదు.

పళ్ళ డాక్టరమ్మ మంచిదే కానీ మొహమాటం లేని మనిషి. ఒకరోజు వెనకగదిలోకి వచ్చి, తిరిగొచ్చిన పళ్ళ సెట్లు రెండు బల్లమీద పెట్టింది.

"చూడమ్మా, చూడ్డానికి ముత్యాల్లా ఉన్నాయ్. పెట్టుకుని మాట్లాడితే ఒకటి ఈలేస్తోంది, ఇంకోటి జారుతోంది. తప్పు నీ చేతిది కాదు. నువ్వు అచ్చుల్ని చూసి చేస్తున్నావ్, మనుషుల్ని చూసి కాదు. కుర్చీ పక్కన కూర్చుని వాళ్ళచేత కబుర్లు చెప్పించాలి. కబుర్లలో పడితేనే పెదవి అసలు ఎలా కదులుతుందో తెలిసేది. నాకేమో అంత టైము లేదు."

తాబేలు తలాడించింది.

"తలాడించకు. వచ్చే నెల నుంచి, సెట్టు నోట్లో పెట్టి చూసే ట్రయల్స్‌లో నువ్వు కూర్చోవాలి. నీవల్ల కాకపోతే చెప్పు, సెట్లన్నీ బయటి ల్యాబుకి పంపించేస్తా. నువ్వు విరిగినవి అతికిద్దువు గాని."

విరిగినవి అతకడం! వంట వచ్చినవాడిని పిలిచి గిన్నెలు తోమమన్నట్టుంది. ఆమెకు ఆ బల్లా, ఆ మైనం, ఆ పళ్ళ పలకలూ తప్ప లోకంలో తనదని చెప్పుకునేది ఇంకొకటి లేదు. ఆరోజు బస్సులో తన స్టాపు దాటిపోయినా గమనించలేదు. గమనించినా ఆపమని అడిగేది కాదనుకోండి.

డాక్టరమ్మే ఫోన్‌కి ఒక లింకు పంపింది. నలుగురిలో భయపడేవాళ్ళ కోసం ఆన్‌లైన్ థెరపీ. వారానికొక పాఠం, చేయాల్సిన అభ్యాసాలు, రాసింది చదివి జవాబిచ్చే, అప్పుడప్పుడు వీడియోలో మాట్లాడే ఒక థెరపిస్టు. ఇంతకుముందు ఇలాంటి వైద్యం గురించి విననిది కాదు. కానీ మనుషులంటే భయమని చెప్పుకోవడానికి ముందు ఒక మనిషికి ఫోన్ చేయాలి, ఇంకో మనిషికి పేరు చెప్పాలి, పదిమంది మధ్య కూర్చోవాలి. కుంటివాడితో, మేడమీదికొస్తే కాలు బాగుచేస్తామన్నట్టు! ఇక్కడ ఆ బెడద లేదు. ఫోన్‌లో వేలితో నొక్కితే చాలు, తలుపు తెరుచుకుంటుంది. నొక్కింది.

"ఫోన్లో పాఠాలు చదివితే ఈతొస్తుందా?" అన్నాడు మొగుడు.

రాదని థెరపిస్టు కూడా మొదటి వారమే చెప్పేసింది. నీళ్ళలోకి దిగాల్సిందే. కాకపోతే ముందు మెట్టుమీద కాళ్ళు తడుపుకుందాం అంది. అదీ రాతలోనే. మొదట్లో వీడియో కాల్‌లో తాబేలు కెమెరా ఆపేసే కూర్చునేది. థెరపిస్టు తొందరపెట్టలేదు. ఆ నల్లటి తెరతోనే మామూలుగా మాట్లాడింది.

పాఠంలో మొదటి విషయం ఊతకర్రలు. భయం నుంచి కాపాడతాయని మనం పట్టుకుని తిరిగేవి, నిజానికి భయాన్నే మేపేవి. మీవి ఏమిటో రాయండి అంటే తాబేలు కూర్చుని రాసింది. మాస్కు. ముందే బట్టీపట్టిన వాక్యాలు. రోడ్డు దాటడం. తలాడించడం. ఆఖర్న 'మా ఆయన' అని కూడా రాసింది. అది చదివి ఆయన అన్నం మానేసినంత పని చేశాడు.

"అంటే నేను కర్రనా?"

"మంచి కర్రవే," అంది ఆమె.

తరవాతవి ప్రయోగాలు. ఏం జరుగుతుందని భయపడుతున్నారో ముందు రాయాలి, వెళ్ళి చేయాలి, ఏం జరిగిందో వచ్చి రాయాలి. అంతే. మొదటి ప్రయోగం, కొట్లో ఒక సబ్బు కొని, గుమ్మం దిగి, మళ్ళీ వెనక్కెళ్ళి కారణం చెప్పకుండా రంగు మార్చమనడం. మాస్కు లేకుండా. 'కొట్టతను కసురుతాడు, అందరూ తిరిగి చూస్తారు, నేను అక్కడే కూలిపోతాను' అని రాసుకుని బయల్దేరింది. పై ప్రాణాలు పైనే పోతుండగా అడిగింది. కొట్టతను ఫోన్‌లో ఆట చూస్తూ తలెత్తకుండానే సబ్బు మార్చి ఇచ్చాడు. వెనక నిలబడ్డావిడ ఆవలించింది. తాబేలు బయటికొచ్చి కొంచెం చిన్నబుచ్చుకుంది. ఇన్నేళ్ళూ లోకమంతా తననే చూస్తోందని హడలిచచ్చింది, తీరా చూస్తే లోకానికి తీరికే లేదు!

ఇంకోవారం తను మాట్లాడుతుండగా వీడియో తీసి చూసుకోమన్నారు. ముఖం కందగడ్డలా కనిపిస్తుందనీ చేతులు వణుకుతాయనీ ముందే రాసింది. వీడియోలో మాత్రం ఒక మామూలు ఆడమనిషి, కాస్త నెమ్మదిగా, కుళాయి గురించి ఏదో చెబుతోంది. మళ్ళీ మళ్ళీ చూసింది. ఆ మనిషి తనేనా అని అనుమానమొచ్చింది. అనుమానం పెనుభూతం అంటారు కదా, ఇన్నాళ్ళూ ఆ భూతాన్నే అద్దమనుకుంది పిచ్చిది. ఆ వారమే వీడియో కాల్‌లో కెమెరా పెట్టింది.

అన్నీ ఇలా నున్నగా సాగిపోయాయనుకోకండి. ట్రయల్స్ మొదలైన రోజున తాబేలు చేసిన పని వింటే నవ్వొస్తుంది. సెలవు పెట్టించి మొగుణ్ణి తీసుకొచ్చి కుర్చీ పక్కన కూర్చోబెట్టింది! ఆయన రోగులతో కబుర్లు మొదలుపెట్టాడు. బస్సుల గురించి, చిల్లర గురించి, బస్సులో మేకతో ఎక్కినాయన గురించి. ముసలాళ్ళు పడీపడీ నవ్వారు. ఆమె వెనకనుంచి పెదవులు చూసుకుంది. సెట్లు అమోఘంగా కుదిరాయి. డాక్టరమ్మ గోడవైపు తిరిగి నవ్వుకుంది.

ఆ సంబరమంతా రాసి పంపితే థెరపిస్టు నుంచి జవాబు వచ్చింది. 'ప్రయోగం చాలా బాగా జరిగింది. కానీ చేసింది మీ ఆయన.'

తాబేలుకు రోషమొచ్చింది. రోషం మంచిదే, ఒక్కోసారి భయంకంటే ముందు నడుస్తుంది. మర్నాడు ఒక్కతే వెళ్ళింది. వెళ్ళి, కుర్చీలో కూర్చున్న పెద్దావిడ ఎదురుగా నోరు తెరిచి, ఏమీ రాక, మైనం తెస్తానని చెప్పి వెనకగదిలోకి పారిపోయి గడియ పెట్టుకుంది. అక్కడే కూర్చుని ఫోన్‌లో రాసింది, 'నావల్ల కాదు' అని. సాయంత్రానికి జవాబు. 'ఆవిడ ముఖం ఎలా ఉంది?' ఆవిడ ముఖమా? తాబేలుకు గుర్తులేదు. తన గొంతు ఎండడం, తన చెవులు వేడెక్కడం, తన గుండె దడ, అన్నీ గుర్తున్నాయి. ఎదురుగా ఉన్న మనిషి ఒక్కతే గుర్తులేదు. 'రేపు మిమ్మల్ని కాదు, ఆవిడని చూడండి. మీరు మనుషుల పెదవులు చూడటంలో ఆరితేరినవారు కదా' అని రాసింది థెరపిస్టు.

మర్నాడు మళ్ళీ వచ్చిన ఆ పెద్దావిడనే చూసింది. కింది పెదవి ఒక మూల వణుకుతోంది. ఆవిడకీ భయమే! "నొప్పిగా ఉందా అమ్మా?" అన్న మాట బట్టీపట్టకుండానే వచ్చేసింది. ఆ తరవాత ఆవిడ చెప్పుకుంటూ పోయింది, ఈమె వింటూ పోయింది. మాటకారితనం అంటే మాట్లాడటమే అనుకుంటారు జనం. సగం వినడమే.

అలా ఒకరి తరవాత ఒకరు. కొన్నిరోజులు బాగుండేవి, కొన్నిరోజులు మాటలు నోట్లోనే ముద్దకట్టుకుపోయేవి. అంతలో వేలం పెద్దాయన వచ్చాడు.

కూరగాయల మార్కెట్‌లో వేలం వేసే మనిషి. ఆయన "ఒకటోసారి!" అంటే వీధి చివర నిద్రపోతున్న కుక్క లేచేదట. పళ్ళు పోయాయి, సెట్టు పెట్టించుకున్నాడు. ఒకనాటి ఉదయం నిండు బజార్లో "మూడోసారి" అని గొంతెత్తగానే పైసెట్టు ఊడి గుమ్మడికాయల మీద పడింది. మార్కెట్ మొత్తం నవ్వింది. ఆరోజు నుంచి పెద్దాయన వేలానికి పోలేదు. ఇంట్లో కూడా నోటికి రుమాలు అడ్డం పెట్టుకునే మాట్లాడుతున్నాడు. డాక్టరమ్మ వేరే సెట్టు వేయించినా అదీ ఇంట్లో ఎవరినైనా కేకేస్తే జారుతోంది. ఇప్పుడిది మూడోది.

తాబేలు ఆ రుమాలు చూసింది. ఆమెకు ఆ రుమాలు గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. తన ప్రయోగాలన్నిటిలో తను భయపడ్డది జరగలేదు. ఈయనకు మాత్రం అదే జరిగింది, నలుగురిలో, నవ్వులతో సహా. అంతకంటే ఘోరం ఇంకేముంది? అయినా మనిషి బతికే ఉన్నాడు, ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

పళ్ళు పెట్టి, మాట్లాడమంది. ఆయన గొణిగాడు. సెట్టు చక్కగా నిలిచింది.

"ఇలా కాదండీ. మార్కెట్లో వేసినట్టు వేయండి. అప్పుడేగా జారేది."

"ఇక్కడెవరున్నారమ్మా పాట పాడేవాళ్ళు?" అన్నాడు ఆయన రుమాలులోంచి. "పాడేవాడు లేకుండా వేలం వేస్తే, గోడకి కథ చెప్పినట్టుంటుంది. గొంతు లేవదు."

తలుపు సగం తెరిచే ఉంది. బయట బెంచీల మీద జనం కిక్కిరిసి ఉన్నారు. ఆమె అటు చూసింది. గొంతు కీచుమంటుంది, బయటివాళ్ళు నవ్వుతారు, అనుకుంది. అనుకుని మాస్కు తీసి జేబులో పెట్టుకుంది. తెగించినవాడికి తెడ్డే లింగం.

"ఆ పూలకుండీ వేలం వేయండి," అంది మూలనున్న బీటలుపడ్డ కుండీ చూపించి. గట్టిగా ఊపిరి పీల్చి, "పది!" అని అరిచింది.

గొంతు కీచుమంది. బయటివాళ్ళు నవ్వారు కూడా.

అదిగో, అనుకున్నదంతా అనుకున్నట్టే జరిగింది! తాబేలు ఒక్కక్షణం నేల చీలుతుందేమోనని ఎదురుచూసింది. నేల చీలలేదు. ఎదురుగా పెద్దాయన కళ్ళలో మాత్రం ఏదో వెలిగింది. ముసలి గుర్రానికి కళ్ళెం చప్పుడు వినిపించినట్టయింది. రుమాలు దించాడు.

"పదంటోందమ్మాయి! పదేనా? ఇంత కుండీకి పదేనా?"

"పన్నెండు!" అని బయటినుంచి ఎవరో. చూస్తే, బుగ్గ వాచిపోయిన ఒక బామ్మగారు.

"పదిహేను!" అంది తాబేలు. ఈసారి గొంతు కీచుమనలేదు. అన్నా ఆమెకు పట్టేది కాదు. ఆమె కళ్ళు పెద్దాయన నోటిమీదే ఉన్నాయి. బయట పాట ఊపందుకుంది. ఎవరో ఇరవై అన్నారు, పళ్ళు పీకించుకోవడానికొచ్చినాయన నొప్పి మరిచి పాతిక అన్నాడు, బామ్మగారు వదలకుండా ముప్ఫై అంది. పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఒకటోసారీ...! రెండోసారీ...!" నోరు పూర్తిగా తెరుచుకుంది, బుగ్గ లోపలికి లాక్కుంది, ఎడమవైపు అంచు లేచింది.

"ఆగండి!" అని కేక పెట్టింది తాబేలు. ఆసుపత్రి ఆసుపత్రంతా ఆగింది. "దొరికింది! ఎడమవైపు అంచు. గొంతెత్తినప్పుడు బుగ్గ దాన్ని తోసేస్తోంది."

మరదగ్గరికి పరిగెత్తింది. అంచు అరగదీసింది, నునుపు చేసింది, తెచ్చి పెట్టింది. పెద్దాయన "మూడోసారి" అన్నాడు. అద్దాల అలమర అదిరింది కానీ పన్ను కదల్లేదు. కుండీ బామ్మగారికి దక్కింది. డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూస్తోంది.

"ఇక్కడ నిలిస్తే సరిపోదు," అంది. "రెండో సెట్టు కూడా ఇక్కడ నిలిచిందే. రేపు మార్కెట్లో నిలవాలి. నిలిస్తే ఇది ఒక్కటే కాదు, ఇకమీద ఏ సెట్టూ బయటికి పోదు. అన్నీ నీవే."

పెద్దాయన మళ్ళీ రుమాలు ముఖానికి తీసుకున్నాడు. "నేను వెళ్ళలేనమ్మా. నేను నిలబడగానే నవ్వుతారు. ఎవడూ మొదటి పాట పాడడు."

"నేను పాడతాను," అంది తాబేలు. అన్నాక గానీ ఏమన్నదో తెలియలేదు.

ఆ సాయంత్రం ప్రయోగం రాసి పంపింది. 'గొంతు రాదు. మార్కెట్ నవ్వుతుంది. పళ్ళు జారతాయి.' థెరపిస్టు అడిగింది, 'జారితే ఏం చేస్తారు?' ఇలాంటి ప్రశ్నకు ఇదివరకైతే చచ్చిపోతాను అని రాసేది. ఈసారి 'మళ్ళీ అంచు అరగదీస్తాను' అని రాసింది.

తెల్లవారుజామునే మొగుడూ పెళ్ళామూ మార్కెట్‌కు వెళ్ళారు. లారీలు, తడి గోనెలు, బుట్టలెత్తుకుని తోసుకుపోయే జనం. భయం పోయిందా అంటే పోలేదు. వెంటే వచ్చింది, ఆమె పక్కనే నిలబడింది. రానీ, దానికీ ఒక చోటు ఉంటుంది. మాస్కు మాత్రం ఇంట్లోనే ఉంది.

పెద్దాయన దిమ్మ ఎక్కాడు. ఎదురుగా గుమ్మడికాయల గుట్ట. గుంపులో ఎవడో "పెద్దాయనా, కాయలు లెక్కపెట్టుకో, పళ్ళు కలిసిపోగలవు!" అన్నాడు. నవ్వులు. పెద్దాయన చెయ్యి రుమాలు కోసం జేబులోకి పోయింది.

"వంద!" అంది తాబేలు.

తలలన్నీ ఇటు తిరిగాయి. ఈసారి నిజంగానే అందరూ చూశారు. ఆమె వాళ్ళను చూడలేదు, పెద్దాయన్నే చూసింది. జేబులోంచి ఆయన చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది.

"వందంటోందమ్మాయి!" అని గర్జించాడు. వీధి చివర కుక్క లేచిందో లేదో గానీ కప్పుమీద పావురాలు లేచాయి. "నవ్వేవాళ్ళు నవ్వండి, పాడేవాళ్ళు పాడండి! వందా... ఒకటోసారీ!"

నవ్వు ఆగింది. ఆయన గొంతు వినక చాలాకాలమైంది మార్కెట్‌కు. అందరూ నోళ్ళు తెరుచుకుని వింటూ ఉండిపోయారు, వినడంలో పడి పాట పాడటమే మరిచిపోయారు.

"రెండోసారీ! మూడోసారీ!"

పన్ను కదల్లేదు. తాబేలు గాలిలోకి గెంతింది, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది, సిగ్గూశరం లేకుండా. ఆమె అలా గెంతుతుండగా మొగుడు చెవిలో గొణిగాడు.

"తాబేలూ... గుమ్మడికాయలు మనకి పడ్డాయి."

ఆ సంగతి ఆమెకు తట్టనేలేదు. మొదటి పాట పాడాలనుకుంది గానీ, రెండోపాట ఎవరూ పాడకపోతే ఏమవుతుందో ఆలోచించలేదు.

ఆ మార్కెట్‌లో ఒక పద్ధతుంది. సరుకు ఎవరికి దక్కిందో వాళ్ళు అందరికీ వినపడేలా స్వయంగా ఒప్పుకోవాలి. లేకపోతే పాట చెల్లదు. పెద్దాయన నిండుగా నవ్వుతూ, ఆమె నిలబెట్టిన పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ, దిమ్మమీంచి అడిగాడు.

"ఈ పాట ఎవరిదీ?"

మార్కెట్ మొత్తం ఎదురుచూస్తోంది. అలవాటుకొద్దీ మొగుడు నోరు తెరిచాడు. ఆమె అతని చెయ్యి మీద తన చెయ్యి వేసింది. ఆయన నోరు మూసుకున్నాడు. బహుశా పెళ్ళయ్యాక మొదటిసారి.

"నాది!" అంది. "ఆ పాటా నాదే, ఆ పళ్ళూ నేను చేసినవే!"

ఆరోజు సిటీ బస్సులో వెనక సీట్లనిండా గుమ్మడికాయలే. కండక్టరు మాట్లాడకుండా టిక్కెట్లు కొడుతుంటే, అతని పెళ్ళాం ఎక్కినవాళ్ళనల్లా పలకరించి, తలా ఒక కాయ చేతిలో పెట్టి, "కాస్త ముందుకు జరగండి," అంటోంది.